టైరు వెడల్పు రిమ్ము చెప్పాలా, రోడ్డు చెప్పాలా?

వరంగల్ నుంచి ములుగు, ఏటూరునాగారం, మంగపేట, మణుగూరు మీదుగా భద్రాచలం దాకా సామానుతో సైకిల్ యాత్ర. సైకిల్ 700సీ హైబ్రిడ్. రిమ్ము లోపలి వెడల్పు 17 మిల్లీమీటర్లు, దాని మీద ఇప్పుడున్న టైరు 32. అది తీసి 42 వెయ్యాలా వద్దా అన్నదే తగువు.

యాత్రికుడు: అన్నా, టైరు కొనేముందు నేను చూసేది నేను పోయే రోడ్డును. ములుగు దాకా 163 హైవే, అక్కడ సన్న టైరైనా పరుగెడుతుంది. జంగాలపల్లి దగ్గర దిగి పాలంపేట వైపు తిరిగినా, పస్రా దాటి మేడారం దారి పట్టినా లెక్క మారిపోతుంది. తారు అంచులు విరిగి ఉంటాయి, కల్వర్టుల దగ్గర మొరం తేలి ఉంటుంది, ఎదురుగా లారీ వస్తే మట్టిలోకి దిగక తప్పదు. నేను, సైకిల్, వెనక రెండు సంచులు, నీళ్లు అన్నీ కలిపితే 105 కిలోలు. అందులో 63 కిలోల దాకా వెనక చక్రం మీదే పడుతుంది. 32 టైరుతో, ఈ బరువుతో గుంతలో పడ్డామంటే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ఆ పంచరు సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు.

మెకానిక్: తెలుసు తమ్మీ. జంట రంధ్రాలు కనబడ్డయంటే గాలి తక్కువ కొట్టిండు, బరువు ఎక్కువ ఏసిండు అని అడగకుండనే అర్థమైతది. నీ రోడ్డు గురించి నేను వాదించ. నా తకరారు వేరే ఉన్నది. టైరు దానంతట అది నిలబడదు, రిమ్ము గోడలు పట్టుకుంటెనే నిలబడతది. నీ రిమ్ము లోపల 17. అమెరికాల షెల్డన్ బ్రౌన్ అని పెద్ద మెకానిక్ ఉండె, 2008ల పోయిండు. ఆయన రాసిపెట్టిన లెక్కనే ఇప్పటికీ చానామంది పాటిస్తరు: రిమ్ము లోపలి వెడల్పుకు టైరు ఒకటిన్నర రెట్ల కంటె కొంచెం తక్కువ నుంచి రెండు రెట్ల దాకా ఉండొచ్చు. 17కు అంటే 25 నుంచి 34. 42 కావాలంటే రిమ్ము లోపల 21 ఉండాలె. నువ్వు చేస్తానంటున్నది సన్న పీట మీద పెద్ద కుండ పెట్టుడు. ఖాళీ సైకిల్ మీద నీకు తేడా తెల్వది. వెనక 63 కిలోలు ఏసి మలుపు తిరుగు, రిమ్ము ఒక దిక్కు పోతది, టైరు నడినెత్తి ఇంకో దిక్కు ఒరుగుతది.

యాత్రికుడు: రెండు రెట్ల లెక్క మంచిదే, కానీ చాలా జాగ్రత్తపడి చెప్పిన లెక్క. టైర్లు తయారుచేసేవాళ్ల పట్టికలు చూస్తే 17 రిమ్ముకు 50 దాకా ఒప్పుకున్నవి కూడా ఉన్నాయి. వాళ్లు పరీక్షలు చేయకుండా, టైరు ఊడితే బాధ్యత తమ మీదికి వస్తుందని తెలియకుండా ఆ అంకె రాయరు. పైగా టైరు మీద 42 అని రాసి ఉన్నా ప్రతి రిమ్ము మీదా 42 రాదు. రిమ్ము ఒక మిల్లీమీటరు సన్నబడితే టైరు సుమారు 0.4 మిల్లీమీటరు తగ్గుతుంది. నా రిమ్ము మీద అది 40 దగ్గర తేలుతుంది. ఇక 40 అంటే మనకు కొత్తా అన్నా? మన తాతల అట్లాస్, హీరో సైకిళ్ల 28×1½ టైరు అసలు కొలత 40-635. పాలోళ్లు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని, గీత కార్మికులు కల్లు కుండలు వేలాడదీసుకుని, రైతులు వడ్ల బస్తా క్యారియర్ మీద వేసుకుని ఇదే చెల్కల్లో ఇన్నేళ్లు తిరిగింది ఆ టైరు మీదే. బరువుకు, మట్టి రోడ్డుకు ఎంత వెడల్పు కావాలో ఈ ప్రాంతం ఎప్పుడో తేల్చింది.

మెకానిక్: ఆ సైకిల్ టైరును చూసినవు గాని రిమ్మును చూడలె. అది ఇనుప రిమ్ము. దాని బ్రేకు కడ్డీల బ్రేకు. రబ్బర్లు రిమ్ము లోపలి దిక్కున, స్పోకులు దిగే పక్క ఒత్తుకుంటయి. టైరును పట్టుకునే గోడకు బ్రేకు తగలనే తగలది. ఇరవై ఏండ్లు తొక్కినా ఆ గోడ మందం అట్లనే ఉంటది. నీదేంది? అల్యూమినియం రిమ్ము, వి-బ్రేకు. రబ్బరు రుద్దేది టైరును పట్టుకున్న గోడనే. వానల దుబ్బ, ఇసుక ఆ రబ్బర్ల ఇరుక్కుంటే ఆకురాయి పెట్టి గీసినట్టే. ఇటు రా, నీ వెనక రిమ్ము మీద వేలు పెట్టి చూడు. పైన అంచు, కింద అంచు తగులుతయి, నడుమ వేలు లోపలికి జారుతది. ఇగ ఈ స్టీలు స్కేలు నిలువుగ ఆనించి వెలుతురుకు పట్టు. స్కేలుకు రిమ్ముకు నడుమ సందు కనబడుతున్నదా? అరిగిపోయిన లోహం అదే. పట్టికల 50 అని రాసినోళ్లు కొత్త రిమ్ముకు రాసిండ్రు. ఈ రిమ్ముకు రాయలె.

యాత్రికుడు: ఈ మాట ఒప్పుకుంటాను. అరుగుదల పట్టికలో ఉండదు, చేత్తో తడిమి చూడాల్సిందే. సగం అరిగిన రిమ్ము మీద వెడల్పు టైరు వేయమని నేనూ ఎవరికీ చెప్పను. డిస్కు బ్రేకు సైకిల్ అయితే ఈ బాధే ఉండేది కాదు, నాది అది కాదు. కానీ లాగుడు లెక్క మాత్రం ఒకసారి విను. గాలి నిండిన టైరు తన అంచులను ఎంత బలంగా లాగుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది, గాలి ఒత్తిడి, టైరు వ్యాసార్ధం. రెండింటినీ గుణిస్తే వచ్చేదే లాగుడు. ఇప్పుడు అసలు సంగతి: వెడల్పు టైరులో గాలి తక్కువ చాలు. ఫ్రాంక్ బెర్టో అనే ఇంజినీరు ఏళ్ల కింద కొలిచి చెప్పాడు, బరువు పడ్డప్పుడు టైరు ఎత్తు 15 శాతం అణిగితే అది సరైన గాలి అని. ఆ లెక్కన వెనక 63 కిలోలకు 32 టైరులో 80 పీఎస్‌ఐ దాకా కొట్టాలి, 42 టైరులో 50 చుట్టూ చాలు. 80ని 16తో గుణించు, 1280. 50ని 21తో గుణించు, 1050. నీ రిమ్మును ఎక్కువ లాగేది ఏ టైరు? నువ్వు భయపడే వెడల్పు టైరు కాదు, ఇప్పుడు దాని మీదున్న సన్న టైరే.

మెకానిక్: లెక్క మంచిగ చెప్పినవ్. కాగితం మీద కాదనలేను. కాని ఒకటి మర్చిపోయినవ్. లాగుడు ఎంతన్నది ఒక్కటే కాదు, ఎటు దిక్కు లాగుతున్నదో కూడ చూడాలె. వెడల్పు రిమ్ము మీద టైరు గోడ నిలువుగ లేస్తది, పైకి లాగుతది. సన్న రిమ్ము మీద అదే టైరు బయటికి వాలి లేస్తది. అప్పుడు గోడను పక్కకు విరిచే పాలు ఎక్కువైతది. అరిగిన గోడ పగిలేది పక్కకు విరిచే లాగుడుకే. ఇంకోటి, నీ 50 పీఎస్‌ఐ కొలిచేదెవరు? తాడ్వాయి అడవి దాటినంక పంచరైందనుకో. ఏటూరునాగారంల లారీ టైర్ల షాపుకు పోతవు. ఆ పిలగాడు కంప్రెసర్ పైపు పెట్టి వేలితో ఒత్తి చూసి, గట్టిగైందని 80 కొడతడు. 80ని 21తో నువ్వే గుణించు.

యాత్రికుడు: 1680. ఇప్పటిదానికంటే దాదాపు మూడో వంతు ఎక్కువ.

మెకానిక్: గదే. నీ లెక్కంతా గేజి మీద నిలబడ్డది. రోడ్డు మీద గేజి ఉండదు, బొటనవేలు ఉంటది. వెడల్పు టైరు 50 దగ్గర బొటనవేలికి మెత్తగనే అనిపిస్తది, అందుకే ఇంకింత కొడతరు. సన్న టైరుల తప్పు కొట్టినా రిమ్ము తట్టుకుంటది.

యాత్రికుడు: నా సంచిలో గేజి ఉంటుంది అన్నా, అరచేతిలో పట్టేంతది. చేతి పంపు కూడా ఉంటుంది. దానితో 42 టైరును 80కి కొట్టాలన్నా భుజాలు ఒప్పుకోవు. ఎండ గురించి కూడా లెక్క చూశాను. పొద్దున 25 డిగ్రీల దగ్గర 50 కొట్టి బయలుదేరాననుకో. మే నెల మధ్యాహ్నం టైరులో గాలి 55 డిగ్రీలకు చేరినా పెరిగేది ఆరేడు పీఎస్‌ఐ. దానికి రిమ్ము పగలదు. పక్కకు విరిచే లాగుడు సంగతి నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ నువ్వు చెప్పే మందు రిమ్ము మార్చడం. దానికీ ఓ చెడు ఉంది. వెడల్పు రిమ్ము వేయించుకుంటే రేపు దారిలో సన్న టైరే దొరికితే? 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రేసులో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ పడిపోయాడు, టైరు రిమ్మును వదిలేసింది. లోపలి వెడల్పు 25 ఉన్న రిమ్ము, దాని మీద 28 టైరు. అప్పటికే కొత్త ప్రమాణం 25 రిమ్ముకు కనీసం 29 ఉండాలంటోంది. రాయి తగలడమే కారణమని తయారీదారులు చెప్పారు, అయినా సైకిల్ లోకమంతా ఆ ఒక్క మిల్లీమీటరు గురించి వాదించుకుంది. టైరు రిమ్ముకు మరీ వెడల్పైతే ఒరుగుతుంది, మరీ సన్నమైతే ఊడిపోతుంది. రెండింట్లో నాకు ఒరగడమే నయం.

మెకానిక్: ఆ రేసు రిమ్ములకు లోపల కొక్కెం ఉండదు తమ్మీ. టైరు అంచును పట్టుకునే వంపే లేని గోడలవి. నేను నీకు కట్టిచ్చేది కొక్కెమున్న రిమ్ము, లోపల 21, దాని మీద 32 కూడ హాయిగ కూసుంటది. ఆ భయం ఇక్కడ పెట్టకు. కాని నువ్వు దొరుకుడు గురించి ఎత్తినవ్ చూడు, అది అసలు ముచ్చట. వెడల్పు కంటె ముందు వ్యాసం. మంగపేటల షాపుకు పోయి 28 టైరు ఇయ్యమంటే గోడకు వేలాడే 28×1½ తీసి ఇస్తడు. అది 635. నీది కూడ 28 అనే అంటరు గాని 622. పదమూడు మిల్లీమీటర్లు పెద్దది. చేత్తోనే ఎక్కుతది, గాలి కొట్టంగనే పక్కకు జారి ట్యూబు బయటికొచ్చి పేలుతది. 17 మీద 42 వెయ్యొచ్చునా లేదా అని మనం కొట్లాడుకుంటున్నం గాని, మణుగూరు దాకా నీకు ఏ వెడల్పుల 622 దొరుకుతదన్నదే అనుమానం.

యాత్రికుడు: అందుకే మడతపెట్టే టైరు ఒకటి వెంట తీసుకుపోతాను. అంచులో ఇనుప తీగ బదులు అరమిడ్ నార ఉంటుంది, చుట్టి సంచి అడుగున పెట్టుకోవచ్చు.

మెకానిక్: మంచిది, పెట్టుకో. అయితే ఇంకో కిటుకు విను, అది టైరు గురించి కాదు. 635 టైరు నీకు పనికిరాదు గాని 635 ట్యూబు పనికొస్తది. రబ్బరు గద, కొంచెం మడత పడ్డా లోపల సర్దుకుంటది. కాని దాని వాల్వు మందం. డన్లప్ కాలం నుంచి మన సైకిళ్లకు వస్తున్న వాల్ ట్యూబు వాల్వు అది. నీ రిమ్ముకు సన్న ప్రెస్టా వాల్వు రంధ్రం, ఆరున్నర మిల్లీమీటర్లు. అందుల ఈ మందం వాల్వు దూరదు. దానికి ఎనిమిదిన్నర కావాలె. 17 రిమ్ముల రంధ్రం పెద్దగ చేస్తే ఉన్న కాస్త లోహం పోతది. 21 రిమ్ము కొనేటప్పుడే పెద్ద రంధ్రమున్నది చూసి తీసుకోవచ్చు. వెడల్పు రిమ్ము అంటే టైరు కోసమే అనుకుంటరు. పల్లెల దొరికే ట్యూబు కోసం కూడ.

యాత్రికుడు: ఇది నేను ఆలోచించలేదు. సామాను వేసుకుని ఊళ్లు దాటి పోయేవాడికి ఇది పెద్ద మాటే. కానీ ఆ రిమ్ము కట్టించుకోవాలంటే చక్రం మొత్తం విప్పాలి. హబ్బు మిగులుతుంది, స్పోకుల పొడవు మారుతుంది, కొత్తవి కొనాలి. ఒక్క టైరు ఖర్చులో అయ్యేది చక్రం ఖర్చు అవుతుంది. ఇప్పుడు పాలంపేట రామప్ప గుడికి పోయే సైకిల్ కుర్రాళ్లను చూడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ దారిలో ఇంకా ఎక్కువయ్యారు. సగం మంది కాలేజీ పిల్లలు, మామూలు హైబ్రిడ్ సైకిళ్లు. వాళ్లకు నువ్వు చక్రం మార్చుకోమంటే యాత్రే మానుకుంటారు. టైరు మార్చుకోమంటే వెళ్తారు. వెడల్పు టైరు పేదవాడి సస్పెన్షన్ అన్నా.

మెకానిక్: ఒక రోజు పోయి వచ్చేటోళ్లకు నేను కూడ టైరే మార్చుమంట. అయిదారు దినాలు సామానుతోని పోయేటోనికి వేరే. సరే, ఇంకోటి అడుగుత. నీ టైరుకు, మడ్‌గార్డుకు నడుమ ఎంత సందున్నది? 32 మీద పది మిల్లీమీటర్లు ఉంటదేమో. 42 వెయ్యంగనే పక్కల నాలుగైదు మిగులుతది, టైరు ఎత్తు కూడ పెరుగుతది కాబట్టి పైన ఇంకా తక్కువ. అటువైపు చెల్కలే కాదు, రేగడి నేలలు కూడ ఉన్నయి. వాన పడ్డ రేగడిల వంద గజాలు తొక్కు. మన్ను టైరుకు అంటుకుంటది, మడ్‌గార్డు కింద కూరుకుంటది, చక్రం తిరగది. నాలుగు మిల్లీమీటర్ల సందుల పుల్ల కూడ పెట్టి గీకలేవు. సన్న టైరోడు తొక్కుకుంట పోతుంటే నువ్వు మడ్‌గార్డు నట్లు విప్పుకుంట కూసుంటవు.

యాత్రికుడు: వానాకాలంలో ఆ దారికి పోవడం లేదు. పోతే మడ్‌గార్డు తీసే పోతాను. ఈ విషయంలో వాదన నీదే.

మెకానిక్: ముల్లు సంగతి కూడ చెప్పు. సర్కారు తుమ్మ కంప రోడ్డు అంచుకు పడి ఉంటది. పల్లేరు గాయలు ఉంటయి. నువ్వు లారీకి దారి ఇచ్చి దిగేది ఆ అంచుకే. వెడల్పు టైరు ఎక్కువ నేల తొక్కుతది, ఎక్కువ ముండ్లను ఏరుకుంటది. గుంతకు పనికొస్తదేమో గాని ముల్లుకు ఆగదు. 42 పల్చటి టైరు కంటె లోపల మందం పట్టీ ఉన్న 35 టైరు నయం.

యాత్రికుడు: ముల్లుకు వెడల్పు మందు కాదు, నిజం. కానీ మందం పట్టీ ఊరికే రాదు, టైరు మొద్దుబారుతుంది, దొర్లుడు బరువెక్కుతుంది. సియాటెల్ నుంచి యాన్ హైనె బైసికిల్ క్వార్టర్లీ పత్రికలో ఏళ్ల తరబడి వాదించింది ఇదే. మెత్తటి గోడల వెడల్పు టైరు గరుకు రోడ్డు మీద సన్నదానికంటే నెమ్మది కాదు. గాలి గట్టిగా కొట్టిన సన్న టైరు మీద ఊపులన్నీ ఒంట్లోకి ఎక్కుతాయి, ఆ కుదుపులోనే శక్తి పోతుంది. మొదట్లో చాలామంది నమ్మలేదు. ఇప్పుడు రేసుల వాళ్లే 23 నుంచి 28కి, 30కి వచ్చారు. ముల్లు గుచ్చుకుంటే ఒక ప్యాచ్ వేసుకుంటాను. రోజంతా కుదుపుతో అరచేతులు తిమ్మిరెక్కితే దానికి ప్యాచ్ లేదు.

మెకానిక్: రేసోళ్లు 28కి వచ్చిండ్రంటే రిమ్ములు కూడ వెడల్పు చేసుకున్నరు తమ్మీ. టైరును ఒక్కదాన్నే పెంచలె. వాళ్ల ఉదాహరణ నా దిక్కే నిలబడతది.

యాత్రికుడు: వాళ్లకు రిమ్ములు కంపెనీ ఇస్తుంది. సరే, నడిమధ్య మాట ఒకటి చెప్తాను. ముందు చక్రం 32 అట్లాగే ఉంచుతాను. అక్కడ బరువు తక్కువ, సైకిల్ తిప్పేది అదే కాబట్టి టైరు ఒరగకూడదు. నువ్వు చెప్పిన ఒరిగే ప్రమాదం అక్కడే ఎక్కువ. వెనక మాత్రం 42 వేస్తాను, 50 మించి గాలి కొట్టను.

మెకానిక్: ముందుది ఉంచుతనన్నవు, సంతోషం. కాని మనకు కుదరంది వెనకదే గద. నువ్వు స్కేలు పెట్టి చూసింది వెనక రిమ్మే. ముందు చక్రం ఎగజిమ్మే దుబ్బంతా పడేది దాని మీదనే. నువ్వు ఎక్కువ పట్టేది కూడ వెనక బ్రేకే, సామానుతోని ముందు బ్రేకు గట్టిగ పట్టాలంటే అందరికీ భయమే. అరిగిన గోడ, వాలి లాగే టైరు, 63 కిలోలు, మూడూ ఒక్క చోటనే కలుస్తున్నయి.

యాత్రికుడు: బరువు అక్కడ పడుతోంది కాబట్టే వెడల్పు అక్కడ కావాలి అన్నా.

మెకానిక్: బరువు అక్కడ పడుతున్నది కాబట్టే నేను రిమ్ము అక్కడ మార్చుమంటున్న.